పర్మిట్ లేకుండా డెక్ వేయించుకోవచ్చా?

"ఇంటి వెనక వేసే చెక్క అరుగుకి, అదే డెక్‌కి, పర్మిట్ ఎందుకు, కానిచ్చేద్దాం అంటున్నాడు కాంట్రాక్టర్, ఒప్పుకోవచ్చా?" అని అడిగారు. ఒప్పుకోకండి. అతను డబ్బు తీసుకుని పోతాడు, రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఇరుక్కునేది మీరు.

ఇక్కడ అమెరికాలో ఇళ్ల కట్టుబడికి చాలా రాష్ట్రాలు వాడే నియమావళి, ఐఆర్‌సీ కోడ్‌లో, పర్మిట్ అక్కర్లేదనే ఒక మినహాయింపు ఉన్నమాట నిజమే. డెక్ 200 చదరపు అడుగులు దాటకూడదు, నేల నుంచి ఎక్కడా 30 అంగుళాలు మించి ఎత్తు ఉండకూడదు, ఇంటికి తగిలించకూడదు, ఇంట్లోంచి బయటికి తప్పనిసరిగా ఉండాల్సిన తలుపు దాని మీదకి తెరుచుకోకూడదు. ఈ నాలుగూ కుదరాలి, పైగా ఊరిని బట్టి మారతాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం ఆ 200 ఒక్కటే తిరుగుతుంది.

మాది న్యూజెర్సీ. డ్రాయింగ్ నేనే గీసుకున్నాను, సొంతిల్లు కాబట్టి ఒప్పుకున్నారు. కాగితాలతో పెద్ద టెన్షన్ లేదు. పర్మిట్ ఇచ్చే టౌన్‌షిప్ కంటే మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, హెచ్‌ఓఏ వాళ్లే ఎక్కువ సతాయించారు. చెక్కకి వేసే రంగు కోసం మూడుసార్లు నమూనా అడిగారు, మూడూ గోధుమ రంగే!

అసలు కథ డెక్ స్తంభాల కోసం తవ్వే గుంతల దగ్గర. తవ్వే ముందు చెప్పాల్సిన నంబరు 811కి ఫోన్ చేస్తే, భూమిలో ఉన్న గ్యాస్, కరెంటు లైన్లకి గుర్తులు పెట్టి వెళ్లారు. మా దగ్గర పునాది 36 అంగుళాల లోతుకి దిగాలి. లేకపోతే చలికాలంలో నేల గడ్డకట్టి ఉబ్బి స్తంభాన్ని పైకి తోసేస్తుంది. కాంక్రీటు పోయకముందే టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టర్ గుంతలు చూడాలి. సరిగ్గా ముందు రోజు రాత్రి వాన. తెల్లారేసరికి గుంతల నిండా నీళ్లు. అప్పుడు తెనాలి నుంచి మా నాన్నగారు వచ్చి ఉన్నారు. "అరుగుకి కూడా పర్మిషనేంట్రా" అంటూనే ఒక బకెట్ తీసుకుని తోడారు.

ఇన్‌స్పెక్టర్ టేపు దించి 33 అన్నాడు. పక్కల మట్టి జారి అడుగున చేరిందన్నమాట. మళ్లీ తవ్వి, మళ్లీ పిలవాలి. "కాంక్రీటు బస్తాలు దించేశాను, ఇవాళ్టి కూలి ఎవరిస్తారు?" అని కాంట్రాక్టర్ నా మీద గయ్యిమన్నాడు. నాన్నగారు మాత్రం ఇన్‌స్పెక్టర్ కారు వెళ్లేదాకా చూసి, "మన ఇల్లు కట్టేటప్పుడు ఇలాంటివాడు ఒక్కడుంటే వెనక గోడ బీటలిచ్చేది కాదు" అన్నారు. నల్లరేగడి మట్టిలో రెండడుగులకే పునాది తేల్చేశాడు మా మేస్త్రి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, గోడేం ఆగుతుంది?

కాబట్టి పర్మిట్ నువ్వే తీస్తావా అని మీ కాంట్రాక్టర్‌ని అడగండి. నసిగితే వేరేవాణ్ణి చూసుకోండి. డెక్‌ని ఇంటి గోడకి పట్టి ఉంచే చెక్క, అదే లెడ్జర్ బోర్డుకి, బోల్టులు వేస్తాడా, మేకులు కొడతాడా అన్నది కూడా అడగండి, మనిషి అక్కడే తెలిసిపోతాడు.

గుంతల మీద టార్పాలిన్ కప్పమని నాన్నగారు ముందు రోజు సాయంత్రమే చెప్పారు. నేనే వినలేదు.