డెస్క్‌టాప్ ప్రాజెక్టు ఇచ్చారు, మానేయనా?

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ థర్డ్ ఇయర్ చదువుతున్నాను సార్. ఇంటర్న్‌షిప్‌లో డబ్ల్యూపీఎఫ్‌తో (విండోస్ డెస్క్‌టాప్ యాప్‌లు చేసే మైక్రోసాఫ్ట్ టూల్) చేసిన బిల్లింగ్ అప్లికేషన్‌లో మెనూ, పేజీలు మారే భాగం నాకిచ్చారు. ఫ్రెండ్సంతా వెబ్ పేజీలు చేసే రియాక్ట్ నేర్చుకుంటున్నారు, డెస్క్‌టాప్ పని అయిపోయిందంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మానేయొద్దు తమ్ముడూ. డబ్ల్యూపీఎఫ్ 2006లో వచ్చింది, పాతదే, ఫ్రెషర్లకు వెబ్‌లో ఉన్నన్ని పోస్టులు ఇందులో ఉండవు, అదీ నిజమే. కానీ నీకిచ్చిన పని మెనూ గీయడం అనుకుంటున్నావు చూడు, అక్కడే పొరపాటు.

ఫ్రేమ్ (పేజీలు కనిపించే చోటు) పెట్టి అందులో పేజీ చూపించడం ఎవరైనా చేస్తారు. కౌంటర్లో అమ్మాయి బిల్లు సగం కొట్టి, కస్టమర్ ఫోన్ నంబర్ మార్చడానికి వేరే పేజీకి వెళ్లి, బ్యాక్ నొక్కితే ఏమవుతుంది? యూఆర్ఐ (పేజీ అడ్రస్) ఇచ్చి నావిగేట్ చేస్తే డబ్ల్యూపీఎఫ్ మామూలుగా ఆ పేజీని దాచిపెట్టదు, వెనక్కొచ్చినప్పుడు మళ్లీ కొత్తగా తయారుచేస్తుంది. తమాషా ఏంటంటే టెక్స్ట్‌బాక్స్ లాంటి కొన్ని కంట్రోళ్లలో టైప్ చేసింది జర్నల్లో (వెళ్లొచ్చిన పేజీల చిట్టా) దాచి తిరిగి తెస్తుంది కాబట్టి పైపైన టెస్ట్ చేస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, నువ్వు పేజీ క్లాసులో పెట్టుకున్న ఐటెమ్‌ల లిస్టు మాత్రం గల్లంతు! కీప్‌అలైవ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే పేజీ అలాగే ఉంటుంది, అయితే ప్రతి పేజీకీ అదే చేస్తే మెమరీ తింటుంది. నన్నడిగితే డేటాని పేజీ బయట వ్యూమోడల్లో (పేజీ చూపించే డేటాని పట్టుకునే విడి క్లాసు) పెట్టుకోవడమే మేలు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల కొత్త డెస్క్‌టాప్ టూల్ విన్‌యూఐలో నావిగేషన్‌వ్యూ అని అందమైన సైడ్ మెనూ రెడీగా ఉంటుంది, కానీ అది మెనూ చూపించడంతో సరి, పేజీ మార్చే కోడ్ మనమే రాయాలి. రేపు రియాక్ట్‌కి వెళ్లినా బ్యాక్ బటన్, హిస్టరీ, సేవ్ చేయని ఫారం, ఇవే తలనొప్పులు. పేర్లు మారతాయంతే. డబ్ల్యూపీఎఫ్‌లో రాసే సీ షార్ప్ భాష వస్తే ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌తో బ్యాకెండ్ (సర్వర్ వైపు పని) దారి కూడా ఉంది. రియాక్ట్ సాయంత్రాలు నేర్చుకో, ఎవరొద్దన్నారు.

రెజ్యూమెలో మాత్రం "మెనూ చేశాను" అని రాయకు. పేజీ మారినా బిల్లు పోకుండా ఎలా చూశావో రాయి, ఇంటర్వ్యూలో వాళ్లు పట్టుకునేది దాన్నే. ఇంకోటి, బిల్లు సేవ్ అయ్యాక బ్యాక్ నొక్కితే పాత ఫారం రావాలా వద్దా అని మీ టీమ్ లీడ్‌ని అడుగు. వద్దంటే బ్యాక్ హిస్టరీలోంచి చివరి పేజీని తీసేసే రిమూవ్‌బ్యాక్‌ఎంట్రీ అనే మెథడ్ ఉంది, దాన్ని చదువుకుని వెళ్లు.