గిడ్డంగి తాళాలు అందుకున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

గుంటూరు కోల్డ్ స్టోరేజీ తాళాలు అన్నయ్య నీ చేతికి ఇచ్చారని, పక్కనే కారం పొడి యంత్రాలు కూడా పెడుతున్నావని విని చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లు అక్కడ లెక్కలు చూసినవాడిని కనుక ఒక్క సంగతి రాస్తున్నాను.

మనది వ్యవసాయ కుటుంబం నాయనా. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పొలాలు పండాయి. తిండికి పోను మిగిలిన పంట డబ్బే బియ్యం మిల్లులుగా, సినిమా హాళ్లుగా, లారీలుగా మారింది. తణుకులో 1947లో ఆంధ్రా సుగర్స్ పెట్టిన ముళ్లపూడి హరిశ్చంద్ర ప్రసాద్ గారిదీ భూమిని నమ్ముకున్న కుటుంబమే. పొలంతో పాటు కామందు, పాలేరు పద్ధతి కూడా మన షెడ్డుల్లోకి వచ్చింది.

అందులో మంచి ఉంది. ముఠా మేస్త్రి కూతురి పెళ్లికి అన్నయ్య ఇనప్పెట్టె తెరిచి డబ్బిచ్చారు, కాగితం కూడా రాయించుకోలేదు. మార్చిలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, రాత్రింబవళ్లు దిగుతున్నప్పుడు ఆ ముఠా ఒక్కరోజూ ముఖం చాటేయలేదు.

ఆ పద్ధతే ఒకసారి ప్రాణాల మీదికి తెచ్చింది. గిడ్డంగిని చల్లబరిచే అమ్మోనియా గ్యాసు పైపు జాయింటు దగ్గర వాసన వస్తోందని ఆపరేటరుకు రెండు రోజుల ముందే తెలుసు. అంతకుముందు మరమ్మతు ఖర్చు మాట ఎత్తినందుకు అన్నయ్య కసిరారు. అందుకని ముక్కుకు తువ్వాలు కట్టుకుని పనిచేశాడు తప్ప నోరు విప్పలేదు. మూడో రోజు తెల్లవారుజామున కూలీలు కళ్లు మండుతూ, దగ్గుతూ బయటికి పరుగెత్తారు. దేవుడి దయవల్ల అందరూ బతికారు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "అయ్యగారికి నేను చెప్పడమేమిటండీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

రోజూ ఆఫీసు గదికి వెళ్లేముందు మిషన్ రూముకు వెళ్లు. అంతా బాగుందా అని అడగకు, బాగుందనే చెబుతాడు. ఈ రోజు ఏది సరిగా లేదని అడుగు. చెప్పినవాడిని నలుగురి ముందు మెచ్చుకో. కంప్రెసరు ఆపాలని మేనేజరు అంటే ఆగాల్సిందే, అన్నయ్యకు ఫోను చేసి మళ్లీ నడిపించకూడదు.

మీ బావమరిదికి లెక్కల పుస్తకం అప్పగిస్తారని విన్నాను. మంచివాడే, చదువుకున్నవాడే. కానీ అతని లెక్కలో తప్పుంటే గుమాస్తా వేలెత్తి చూపగలడా? రైతులతో మాట్లాడే పని ఇవ్వు, అందులో రాణిస్తాడు.

పెళ్లిళ్లకు సాయం మానకు, పుస్తకంలో మాత్రం రాయించు. కొత్త పంట రాకముందే పైపుల జాయింట్లన్నీ పరీక్ష చేయించు. ఆ ఆపరేటరు ఇంకా పనిలోనే ఉన్నాడు కదా, ముందు అతన్నే అడుగు.

మీ బాబాయి