సమాధానం: గజ్జల్లో ఆ రెండు 'మధ్య బిందువులూ' ఒకటి కావు

చెన్నైలో వార్డు పోస్టింగులో ఫెమోరల్ పల్స్ (తొడ ధమని నాడి) దొరకలేదనీ, డీప్ రింగ్ (గజ్జల్లోని ఇంగ్వినల్ కెనాల్ అనే దారికి లోపలి ద్వారం) కూడా అక్కడే కదా అనీ అడిగారు. తికమకంతా కొలతలోనే ఉంది.

గజ్జల్లోని పట్టీ అయిన ఇంగ్వినల్ లిగమెంట్ ఏఎస్ఐఎస్ (తుంటి ఎముక ముందువైపు పొడుచుకొచ్చిన మొన) నుంచి ప్యూబిక్ ట్యుబర్కిల్ (జఘన ఎముక మీది చిన్న బొడిపె) దాకా ఉంటుంది. ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ అపోన్యూరోసిస్ (పొట్ట పక్కనుండే బయటి కండరం తాలూకు పలుచని, గట్టి పొర) కింది అంచు లోపలికి మడత పడితే ఏర్పడేదే ఇది. దాని సగానికి సుమారు 1.25 సెం.మీ. పైన డీప్ రింగ్. పల్స్‌కు మాత్రం ఏఎస్ఐఎస్ నుంచి ప్యూబిక్ సింఫిసిస్ (రెండు జఘన ఎముకలూ ముందువైపు కలిసే చోటు) వరకు కొలిచి, అందులో సగం తీసుకోండి. ట్యుబర్కిల్ కంటే సింఫిసిస్ మధ్యరేఖకు దగ్గర కాబట్టి ఈ బిందువు కాస్త లోపలికి జరుగుతుంది. వేళ్లను లిగమెంట్‌కు సరిగ్గా కింద ఆనించండి. అక్కడ బయటి నుంచి లోపలికి నరం, ధమని, సిర, ఆ తర్వాత ఫెమోరల్ కెనాల్ (సిర పక్కనుండే చిన్న ఖాళీ దారి).

హెర్నియా చూసేటప్పుడు ముందు ట్యుబర్కిల్ తడిమి పట్టుకోండి, అది తప్పితే అన్నీ తప్పుతాయి. వాపు మెడ (వాపు బయటికి వచ్చే ఇరుకు మొదలు) దానికి పైన, లోపలి వైపుంటే ఇంగ్వినల్. కింద, బయటి వైపుంటే ఫెమోరల్. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకండి: ఫెమోరల్ రింగ్ (ఫెమోరల్ కెనాల్ పై ద్వారం) ఇరుకు, లోపలి అంచున లాక్యునార్ లిగమెంట్ అనే పట్టీ గట్టిగా ఉంటుంది, పేగు చిక్కితే రక్తప్రసరణ ఆగిపోవచ్చు. నొప్పితో, లోపలికి వెళ్లని గడ్డ కనిపిస్తే వెంటనే సర్జన్‌కు చెప్పాలి.