పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు భర్త సంతకం తప్పనిసరా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఆరేళ్లు, చిన్నదానికి రెండేళ్లు. రెండూ సిజేరియన్ కాన్పులే. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది, మూడో కాన్పు మంచిది కాదని డాక్టరమ్మ చెప్పారు. మా ఆయన, అత్తగారు మాత్రం మగపిల్లాడు పుట్టేదాకా ఆపరేషన్ మాట ఎత్తొద్దంటున్నారు. నేనే ధైర్యం చేసి ప్రభుత్వాసుపత్రికి వెళ్తే భర్త సంతకం లేనిదే చేయమన్నారు. ప్రభుత్వమే ఎక్కువమందిని కనమంటోంది, ఇక ఆపరేషన్లు ఉండవని ఊళ్లో చెప్పుకుంటున్నారు. ఆయనకు తెలియకుండా చేయించుకుంటే విడాకులు వస్తాయా? ఈలోగా నెల తప్పితే ఏం చేయాలి? – ఒక సోదరి, బాపట్ల జిల్లా

జవాబు: అమ్మా, ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు మీ సంతకం చాలు. మీ భర్త సంతకం అక్కర్లేదు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఈ ఆపరేషన్లకు నిర్దేశించిన ప్రమాణాల్లో జీవిత భాగస్వామి అంగీకారం అవసరం లేదని స్పష్టంగా రాసి ఉంది. ఆ ప్రమాణాలు అడిగేవి వేరే ఉన్నాయి. పెళ్లయి ఉండాలి. వయసు 22 దాటి, 49 లోపు ఉండాలి. వైద్య కారణం ఉంటే తప్ప, కనీసం ఒక బిడ్డకు ఏడాది నిండి ఉండాలి. భార్యాభర్తల్లో ఎవరికీ ఇంతకుముందు ఈ ఆపరేషన్ అయి ఉండకూడదు. ఏం చేయించుకుంటున్నారో తెలిసి, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి ఇవన్నీ మీకు సరిపోతాయి.

మరి ఆసుపత్రివాళ్లు ఎందుకు అడుగుతున్నారు? దీనికి ఒక మూలం ఉంది, అది తెలిస్తేనే మీరు గట్టిగా మాట్లాడగలరు. డాక్టర్ల వృత్తి ప్రవర్తనపై 2002లో భారత వైద్య మండలి చేసిన నిబంధనల్లో 7.16 అనేది ఒకటి. సంతానం కలగకుండా పోయే అవకాశమున్న ఆపరేషన్‌కు భార్యాభర్తలిద్దరి అంగీకారం ఉండాలని అందులో ఉంది. రేపు భర్త వచ్చి వైద్య మండలికి ఫిర్యాదు చేస్తే తమ రిజిస్ట్రేషన్‌కు ముప్పు వస్తుందని డాక్టర్ల భయం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. కానీ ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమం కింద జరిగే ఆపరేషన్‌కు ఆ కార్యక్రమపు ప్రమాణాలే ఆధారం. ఆసుపత్రిలో నింపే అంగీకార పత్రం కూడా ఆ ప్రమాణాల ప్రకారం తయారైందే. కాబట్టి ప్రభుత్వాసుపత్రిలో మీ వాదనకు బలం ఎక్కువ. ప్రైవేటులో 7.16 చూపించి కాదంటే అక్కడ వాదించి రోజులు పోగొట్టుకోకండి, ప్రభుత్వాసుపత్రికే వెళ్లండి. ఇంకో సంగతి. ఈ 7.16 శాశ్వతంగా సంతానం ఆగిపోయే ఆపరేషన్లకే. కాపర్ టీకి, ఇంజెక్షన్‌కు, మాత్రలకు దానితో సంబంధమే లేదు. వాటికి కూడా భర్తను తీసుకురమ్మంటే ఆ మాటకు ఏ నిబంధనా ఆధారం కాదు.

వీటన్నిటికీ పైన సుప్రీంకోర్టు ఉంది. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో, బిడ్డను కనాలా వద్దా అన్నది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన వ్యక్తి స్వేచ్ఛలో భాగమని చెప్పింది. గర్భ నిరోధక పద్ధతి ఎంచుకోవడం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవడం స్త్రీ స్వేచ్ఛలోకి వస్తాయని ఆ తీర్పులోనే ఉంది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత హక్కును గుర్తిస్తూ ఇదే మాటను నిలబెట్టింది.

ఇక చేయాల్సిన పని. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు. ఆసుపత్రి సూపరింటెండెంట్ పేరిట తెల్లకాగితం మీద ఇలా రాయండి: "నా వయసు 27 సంవత్సరాలు. నాకు ఇద్దరు పిల్లలు. చిన్నబిడ్డ వయసు రెండేళ్లు. నా ఇష్టపూర్వకంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోదలిచాను. ఫలానా తేదీన ఆసుపత్రికి రాగా భర్త సంతకం కావాలని తిప్పి పంపారు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రమాణాల ప్రకారం జీవిత భాగస్వామి అంగీకారం అవసరం లేదు. నాకు ఆపరేషన్ తేదీ ఇవ్వగలరు. ఇవ్వలేకపోతే ఏ నిబంధన ప్రకారం నిరాకరిస్తున్నారో రాతపూర్వకంగా తెలపగలరు." ఈ చివరి వాక్యం మాత్రం వదలకండి. రాసివ్వమనగానే చాలా చోట్ల తేదీ వస్తుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిమీద స్టాంపు, సంతకం, తేదీ వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

వారంలో కదలిక లేకపోతే అదే అర్జీ ప్రతితో జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాయండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వవచ్చు. తెలంగాణలో ఉన్నవారికి ప్రజావాణి ఉంది. అప్పటికీ కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.

ఒక పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. వేరే ఎవరినో భర్తగా చూపించి సంతకం పెట్టించడం, మీరే ఆయన సంతకం గీయడం కొన్నిచోట్ల జరుగుతోంది. "ఏదో ఒక సంతకం తెచ్చేయండమ్మా" అని ఆసుపత్రిలో ఎవరైనా అన్నా సరే, ఒప్పుకోకండి. అది భారతీయ న్యాయ సంహిత 336 కింద ఫోర్జరీ అవుతుంది. అవసరమే లేని సంతకం కోసం క్రిమినల్ కేసు నెత్తిన వేసుకోవద్దు. రేపు కోర్టులో మీ నిజాయితీని ప్రశ్నించడానికీ అదే ఆయన చేతిలో ఆయుధమవుతుంది.

విడాకుల సంగతి. ఇక్కడ మీకు తియ్యటి మాటలు చెప్పి పంపలేను. 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు మానసిక క్రూరత్వానికి కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. వైద్య కారణం లేకుండా, భాగస్వామి అంగీకారం గానీ ఎరుక గానీ లేకుండా సంతానం ఆగిపోయే ఆపరేషన్ చేయించుకోవడం క్రూరత్వానికి దారితీయవచ్చని అందులో ఒకటి. భర్తల తరపు లాయర్లు ఆ పేరానే పట్టుకుంటారు. కానీ ఆ తీర్పే, ఇవి ఉదాహరణలు మాత్రమేనని, కాపురం మొత్తాన్ని చూసి తేల్చాలని కూడా చెప్పింది. పైగా మీ విషయంలో వైద్య కారణం ఉంది. రెండు సిజేరియన్లు, రక్తహీనత, మూడో కాన్పు వద్దన్న సలహా, ఈ మూడూ డాక్టరమ్మ చేత ఓపీ చీటీ మీద రాయించుకోండి. నోటితో చెప్పింది కోర్టులో నిలబడదు, చీటీ నిలబడుతుంది. ఆయనకు చెప్పడం వల్ల మీకు దెబ్బల భయం లేకపోతే, ఆరోగ్యం కోసం ఆపరేషన్ చేయించుకోబోతున్నానని ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టి ఉంచండి. తెలియకుండా చేయించుకుందన్న వాదనకు అక్కడితో బలం పోతుంది. భయం ఉంటే పెట్టకండి, మీ క్షేమం ముందు. ఒకవేళ ఆయన కేసు వేసినా, కేసు వేసినంత మాత్రాన విడాకులు వచ్చేయవు. వచ్చినా మీ భరణం, పిల్లల పోషణ హక్కులు వాటంతట అవి పోవు.

ఆపరేషన్ తేదీ వచ్చేలోగా ఖాళీగా ఉండకండి. చాలామంది నెల తప్పేది ఈ మధ్యకాలంలోనే. గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం, మూడు నెలలకొకటి. నెలసరి మొదలైన ఏడు రోజుల్లోపు వేయించుకుంటే మంచిది. వేసినచోట రుద్దకూడదు. మొదట్లో నెలసరి తేడా చేస్తుంది, అది చూసి భయపడి రెండో డోసు మానేయడం దగ్గరే లెక్క తప్పుతుంది. ఇంట్లో డబ్బా, మాత్ర ఏదీ కనపడదు కాబట్టి మీ పరిస్థితికి ఇది అనుకూలం. వాళ్లిచ్చే కార్డు ఇంట్లో పెట్టడం ఇబ్బందైతే తేదీ మాత్రం ఎక్కడైనా రాసుకోండి. గర్భం రాకుండా వాడే ఛాయా మాత్ర మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. కాపర్ టీ 380ఏ పదేళ్లు పనిచేస్తుంది. కానీ కొందరికి నెలసరిలో రక్తస్రావం పెరుగుతుంది కాబట్టి, రక్తం తక్కువున్న మీరు ముందుగా డాక్టర్ను అడగండి. ఏ జాగ్రత్తా లేకుండా కలయిక జరిగితే 72 గంటల్లోపు అత్యవసర మాత్ర వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల ఈ మాత్రకు 2005 నుంచి డాక్టర్ చీటీ అక్కర్లేదు. ఆశా కార్యకర్త దగ్గరా దొరుకుతుంది. మెడికల్ షాపులో దీన్ని గర్భస్రావం కిట్‌తో కలిపేసి చీటీ అడుగుతుంటారు. చీటీ కావాల్సింది ఆ కిట్‌కు, ఈ మాత్రకు కాదు.

అయినా నెల తప్పితే, 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం మీకు దారి చూపిస్తుంది. గర్భ నిరోధక పద్ధతి విఫలమై వచ్చిన గర్భం స్త్రీ మనసుకు తీవ్రమైన బాధ కలిగిస్తుందని చట్టమే భావించుకుంటుంది. 20 వారాల వరకు ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ నిబంధనల్లో చెప్పిన కేటగిరీలకే. వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. చాలామంది కలయిక రోజు నుంచి లెక్కపెట్టి రెండు వారాలు పోగొట్టుకుంటారు. మాత్రలతో చేయడం తొమ్మిది వారాల వరకే. ఆ మాత్రలు షాపులో కొని ఇంట్లో వేసుకోకండి. రక్తహీనత, పాత సిజేరియన్ కుట్లు ఉన్నవారికి అది ప్రాణం మీదికి రావచ్చు. 18 నిండిన స్త్రీకి ఇక్కడా తన అంగీకారం ఒక్కటే చాలు. కుటుంబసభ్యుల అనుమతి వంటి చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. భర్త బలవంతంగా కలవడం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం వల్ల వచ్చినదానిగా చూడాలని అదే తీర్పులో ఉంది. డాక్టర్ మీ వివరాలు బయటపెడితే ఈ చట్టం సెక్షన్ 5ఏ కింద ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

మగపిల్లాడు లేడని రోజూ సాధించడం ఇంటి గొడవ అని మీరు అనుకుంటున్నట్టున్నారు. 2005 నాటి గృహహింస చట్టం మూడో సెక్షన్, మగబిడ్డ లేడని అవమానించడాన్ని పేరుపెట్టి మరీ హింస కింద చేర్చింది. కొట్టినా, మాత్రలు లాగి పారేసినా, ఆసుపత్రికి పోనివ్వకపోయినా మహిళల సహాయ నంబరు 181కి ఫోన్ చేయండి. రక్షణ అధికారి ద్వారా మేజిస్ట్రేటు కోర్టులో రక్షణ ఉత్తర్వు అడగవచ్చు. ఈసారి స్కానింగ్ చేయించి ఆడో మగో చూద్దామని ఎవరైనా అంటే అది నేరం. అలాంటి కేసులో భర్త, బంధువులే ఒత్తిడి చేశారని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే.

ఊళ్లో వినిపిస్తున్న మాటకు వస్తే, ఆపరేషన్లు ఆపేస్తూ చట్టమేదీ రాలేదు. మారింది వేరే విషయం. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలుంటే పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీసేసింది. జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బహిరంగంగానే చెబుతున్నారు. అది ప్రభుత్వ ఆలోచన. ఆడవారి మీద పెట్టిన షరతు కాదు. ఇదే రాష్ట్రంలో ఒకప్పుడు ఆపరేషన్లు చేయించుకోమని వెంటపడ్డారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారిలో ఒక శాతం కూడా లేరు. ఆనాడు వద్దన్నా చేసినా, ఈనాడు కావాలన్నా చేయకపోయినా, రెండూ ఆడదాని నిర్ణయాన్ని పక్కనపెట్టడమే. కుటుంబ నియంత్రణలో బలవంతానికి తాము వ్యతిరేకమని కేంద్రమే 2020లో సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది.

ఆపరేషన్ రోజు గురించి కొంచెం జాగ్రత్త చెప్పాలి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క సర్జన్ కొద్ది గంటల్లో 83 మందికి చేశారు. 13 మంది చనిపోయారు. ఆ తర్వాత దేవికా బిశ్వాస్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, మూడేళ్లలో ఈ క్యాంపు పద్ధతి మానేయాలని చెప్పింది. కాబట్టి జనం కిటకిటలాడే చోట తొందరపడకండి, ఆసుపత్రిలో మామూలుగా చేసే రోజు తీసుకోండి. హిమోగ్లోబిన్ 7 గ్రాములు ఉండాలి. తక్కువుంటే ముందు అది పెంచుకోవాలి. ఈ కారణంతో వాయిదా వేస్తే అది నిరాకరణ కాదు. పాత సిజేరియన్ల సంగతి సర్జన్‌కు తప్పక చెప్పండి. అంగీకార పత్రం తెలుగులో చదివాకే సంతకం పెట్టండి, ఖాళీ కాగితం మీద పెట్టకండి.

తర్వాత ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ తీసుకుని భద్రంగా పెట్టుకోండి. ఈ ఆపరేషన్ అరుదుగా విఫలమవుతుంది. అలా అయితే డాక్టర్ నిర్లక్ష్యం రుజువైతే తప్ప నష్టపరిహారం రాదని 2005లో శివ్‌రామ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే కోర్టుతో పనిలేకుండా ప్రభుత్వ పరిహార పథకం కింద విఫలమైన కేసుకు 60,000 రూపాయలు వస్తాయి. దానికి అర్జీ పెట్టుకునే గడువు 90 రోజులు. నెల తప్పిన రెండు వారాల్లోపు ఆసుపత్రిలో చూపించుకుని, ఆ తేదీ చీటీ మీద రాయించుకోండి. సర్టిఫికెట్ లేకపోయినా, ఆ రెండు వారాలు దాటిపోయినా ఇబ్బంది పడేది మీరే.