గ్రౌండ్ కబుర్లు: మా అమ్మాయి కదలదు మేడమ్!

(30 ఏళ్ళకు పైగా హైస్కూళ్ళలో పీఈటీగా పనిచేసి రిటైరైన మేడమ్ మీ ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. ఆరో తరగతి దాకా సాయంత్రమైతే వీధిలోనే ఉండేది, తొక్కుడుబిళ్ళ, షటిల్ అంటూ పిలిచినా ఇంట్లోకి వచ్చేది కాదు. ఇప్పుడేమో ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చుంటుందట, ఇంటికొస్తే ఫోన్. పొద్దున్నే నాతో వాకింగ్‌కి రమ్మంటే రాదు. సైకిల్ కొన్నాం, దుమ్ము పట్టింది. లావైపోతున్నావు అని ఒకసారి గట్టిగా అన్నందుకు రెండు రోజులు మాట్లాడలేదు.
ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రెండు రోజులతో సరిపెట్టిందంటే మంచి పిల్లేనమ్మా. ముందు ఆ లావు మాట మానేయండి. ఈ వయసు పిల్ల అద్దం ముందు నిలబడి తనను తాను ఎంత తిట్టుకుంటుందో మనకు తెలియదు, దానికి తోడు మనమూ ఒక మాట అంటే, ఇక ఆడటమంటే ఆ ఒంటిని నలుగురికీ చూపించుకోవడమే అనిపించి చెట్టు కింద చేరుతుంది. షుగర్ వస్తుంది, బీపీ వస్తుంది అని భయపెట్టినా లాభం లేదు. నలభై ఏళ్ళప్పుడు వచ్చే జబ్బు గురించి పద్నాలుగేళ్ళ పిల్ల ఎందుకు ఆలోచిస్తుంది చెప్పండి, మనమే ఆలోచించలేదు కదా!

ఇది మీ ఒక్క ఇంటి గొడవ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 146 దేశాల లెక్కలు తీసి 2019లో చెప్పిందేమంటే, 11 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 81 శాతం మంది రోజుకు గంటసేపు కూడా ఒళ్ళు అలిసేలా కదలడం లేదు. మగపిల్లల్లో 78, ఆడపిల్లల్లో 85. మన దేశం కాస్త నయమే. దానికి కారణం మగపిల్లలకైతే క్రికెట్, ఆడపిల్లలకైతే ఇంటిపనులు కావచ్చని ఆ సంస్థే అంది. అంటే వీళ్ళు బ్యాట్ పట్టుకుని, వాళ్ళు చీపురు పట్టుకుని లెక్క నిలబెట్టారన్నమాట.

మీ అమ్మాయి ఎందుకు మానేసిందో నేను చూడకుండా చెప్పలేను గానీ, నా సర్వీసులో చూసిన కారణాలు చెప్తాను. శనివారం తెల్ల డ్రెస్. నెలసరి రోజుల్లో తెల్ల డ్రెస్సేసుకుని ఖోఖోలో గుంజల మధ్య కూర్చుని లేవమంటే ఏ పిల్ల లేస్తుంది? శుభ్రమైన బాత్రూమ్ లేని స్కూలైతే ఆ రోజు మంచినీళ్ళు కూడా తాగరు, ఇక పరుగెక్కడ. వరండాలో నిలబడి చూసే మగపిల్లల కామెంట్లు ఇంకోటి. అన్నిటికంటే పెద్దది, జట్లు పంచుకునేటప్పుడు చివరికి మిగిలిపోవడం. చిన్నప్పుడు ఆటలో అరటిపండుగా ఉన్నా నవ్వుతూ పరిగెత్తేవాళ్ళు, 13 దాటాక అరటిపండు అనిపించుకోవడం కంటే అసలు ఆడకపోవడమే మేలనుకుంటారు. దాన్ని మనం బద్ధకం అంటాం.

డెసీ, రయాన్ అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు, మనిషి ఒక పనిని ఇష్టంగా చేయాలంటే మూడు ఉండాలన్నారు: అది తను ఎంచుకున్నదై ఉండాలి, చేయగలుగుతున్నాననిపించాలి, మనవాళ్ళనుకునే తోడు ఉండాలి. మీ వాకింగ్‌ని ఈ మూడింటితో తూచి చూడండి. టైము మీది, దారి మీది, దారి పొడుగునా మార్కుల గురించి మాట్లాడేదీ మీరే (కాదంటే క్షమించండి, మా ఇంట్లో నేను చేసింది అదే). సైకిల్ తప్పేం లేదు, అది వెళ్ళడానికి చోటు లేదంతే. ట్యూషన్‌కి స్నేహితురాలితో కలిసి సైకిల్ మీద వెళ్తానంటే పంపండి, దారిలో పదినిమిషాలు ఎక్కడైనా ఆగినా అడక్కండి. గదిలో తలుపేసుకుని పాటలకు డాన్స్ చేస్తుందా? అదీ లెక్కలోకే వస్తుంది. ఆ గంట ఒకేసారి పూర్తి కావాలన్న రూలు లేదు, వారం మొత్తం మీద రోజుకు సగటున గంట పడితే చాలు.

ప్రశ్న: నేను ఇంటర్ ఫస్టియర్, హాస్టల్. స్కూల్లో కబడ్డీ ఆడేవాణ్ణి. ఇక్కడ గ్రౌండే లేదు, ఆటలంటే ర్యాంకు పోతుందంటారు. సాయంత్రానికి తల దిమ్మెక్కిపోతోంది.
ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: బాబూ, తప్పు నీది కాదు. గ్రౌండ్ లేని చోట చేర్చేముందు పెద్దవాళ్ళు అడగాల్సిన ప్రశ్న అది. ఒళ్ళు కదిపితే చదువుకూ మేలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది, ఆ మాట మీ వార్డెన్‌కి చెప్పి చూడు, వింటాడని నాకు పెద్ద నమ్మకం లేదు. ఈలోగా ఒక తాడు కొనుక్కో. స్కిప్పింగ్‌కి మంచమంత జాగా చాలు, పది నిమిషాల్లో చెమట పడుతుంది. ఒక్కడివే అయితే వారంలో మానేస్తావు, ఇద్దరు రూమ్మేట్లను కలుపుకుని ఎవరు ఆగకుండా ఎన్ని వేశారో గోడకు కాగితం అంటించి రాసుకోండి. ఆదివారం బయటికి వదిలే ఆ కాసేపట్లో ఎక్కడైనా మట్టి నేల దొరికితే కబడ్డీ, మొహమాటపడకు.

ప్రశ్న: నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. మాలావత్ పూర్ణ మా జిల్లా అమ్మాయే, 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిందని చెప్తే పిల్లలు చప్పట్లు కొడతారు, గ్రౌండ్‌లోకి మాత్రం సగం మందే వస్తారు. పైగా పదో తరగతి ఆటల పీరియడ్‌ని లెక్కల సార్ తీసేసుకుంటున్నారు.
నిజామాబాద్ జిల్లా

జవాబు: సార్, పూర్ణ కథ చప్పట్ల వరకే పనిచేస్తుంది. పూర్ణ కూడా ఎవరెస్ట్‌తో మొదలుపెట్టలేదు, భువనగిరి బండ మీద తాడు పట్టుకుని నేర్చుకుంది. పిల్లలకు కావాల్సింది పోయిన వారం కంటే ఈ వారం తాను మెరుగయ్యానని తెలియడం. నలభై మందికి ఒక వాలీబాల్ ఇస్తే స్కూల్ టీమ్ వాళ్ళు ఆడతారు, మిగతావాళ్ళు బంతి తెచ్చిపెడతారు. పది టెన్నికాయిట్ రింగులు తీసుకోండి, ఇద్దరిద్దరుగా ఆడితే ఇరవై మంది ఒకేసారి కదులుతారు. జట్లు మీరే వేయండి. ఏ ఆట ఆడాలో మాత్రం వాళ్ళను తేల్చుకోనివ్వండి, గోల చేస్తారు, చేయనివ్వండి.

ఇంకో మాట, ఇది నా తప్పు కూడా. హోంవర్క్ తేకపోతే గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు, అల్లరి చేస్తే గుంజీలు. ఏళ్ళ తరబడి పరుగును శిక్షగా వాడి, తర్వాత పరుగంటే ఇష్టం లేదేంరా అని పిల్లల్నే తిట్టాను. మానేశాక ఒక్క నెలలో తేడా కనిపించింది.

లెక్కల సార్‌తో గొడవ వద్దు, ఒకరోజు ఆట మధ్యలోకి పిలవండి. మా స్కూల్లోనూ ఇలాగే పీరియడ్ లాక్కునే మాస్టారు ఒకాయన ఉండేవారు. బతిమాలి ఒకసారి రింగ్ చేతికిస్తే, ఆ తర్వాత ప్రతి బుధవారం ఆయనే ముందొచ్చి నెట్ కట్టేవారు. పదో తరగతి ఆడపిల్లల చేతిలో ఓడినప్పుడల్లా మోకాలు నొప్పి అనేవారనుకోండి, అది వేరే సంగతి.