ప్రభుత్వ పనులకు ష్యూరిటీ బాండ్ తప్పనిసరి చేస్తే చిన్న కాంట్రాక్టర్లు చితికిపోరా?

ఇప్పుడు వాళ్లను చితక్కొడుతున్నది బ్యాంక్ గ్యారంటీయేనండి. కాంట్రాక్టరు మాట తప్పితే సొమ్ము మేం కడతామని బ్యాంకు రాసిస్తే అది గ్యారంటీ, బీమా కంపెనీ పూచీ పడితే అది ష్యూరిటీ బాండు. బాండు తప్పనిసరి చేయాల్సిందే అంటాను.

చాలా ఏళ్లు ఒక రోడ్ల కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూశాను. టెండరుతో ఈఎండీ అనే ధరావతు, అగ్రిమెంటు నాడు మిగతా సెక్యూరిటీ డిపాజిట్, ఆపైన ప్రతి బిల్లులో కోత. గ్యారంటీ కావాలంటే బ్యాంకు మార్జిన్ కింద ఎఫ్‌డీ చేయమంటుంది, ఇల్లో పొలమో తాకట్టు అడుగుతుంది, కమీషన్ వేరే. కూలీలకూ డీజిల్‌కూ ఉండాల్సిన డబ్బు పని మొదలవకముందే అక్కడ ఇరుక్కుపోతుంది. గడువు దగ్గరపడితే "పొడిగించండి, లేదా సొమ్ము చెల్లించండి" అని డిపార్ట్‌మెంటు బ్యాంకుకు రాస్తుంది. భూసేకరణ తేలక పని ఆగినా పొడిగింపు కమీషన్ కాంట్రాక్టరు మీదే.

2022 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ గ్యారంటీకి బదులు ష్యూరిటీ బాండు ఇవ్వొచ్చన్నారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలు ఆ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాయి. ఇందులో బీమా కంపెనీ ప్రీమియం తీసుకుని పూచీ పడుతుంది. కాంట్రాక్టరు పాత పనులు ఎలా పూర్తిచేశాడు, చేతిలో ఎన్ని ఉన్నాయి అని ముందే తరచి చూస్తుంది. క్లెయిమ్ కట్టాల్సి వస్తే ఆ సొమ్ము కాంట్రాక్టరు దగ్గరే వసూలు చేసుకుంటుంది. చేతకానివాడికి బాండు దొరకడమే కష్టం, జనానికి అదే మేలు.

నా బాధ వేరే ఉంది. మాకు తెలిసిన ఒకాయన రోడ్డు పని సగంలో వదిలేశాడు. గ్యారంటీ సొమ్ము డిపార్ట్‌మెంటు జమ చేసుకుంది. కంకర తోలిన క్రషర్ యజమాని రబ్బరు బ్యాండు చుట్టిన వేబిల్లుల కట్ట పట్టుకుని వెళ్తే "మీతో మాకు అగ్రిమెంటు లేదు కదండీ" అన్నారు. టిప్పర్లవాళ్లకూ మేస్త్రీకీ అదే జవాబు.

అమెరికాలో 1935 నాటి మిల్లర్ చట్టం పెద్ద ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిర్మాణ పనులకు రెండు బాండ్లు అడుగుతుంది. పని పూర్తిచేస్తాననే పూచీ ఒకటి, కూలీకీ సరుకుకీ డబ్బు ఇస్తాననే పూచీ ఇంకొకటి. బాకీ కోసం ప్రభుత్వ ఆస్తి మీద హక్కు పెట్టుకోవడం కుదరదు కాబట్టి ఈ రెండోది అవసరమైంది. ఆఖరిసారి సరుకు వేసిన 90 రోజుల్లోపు పూర్తి డబ్బు రాకపోతే ఆ బాండు మీద దావా వేయొచ్చు.

మన టెండర్లలో ఈ రెండోదాన్ని నేనెక్కడా చూడలేదు. తప్పనిసరి చేయమని అడిగేవాళ్లు దీన్నీ కలిపి అడగాలి. ప్రీమియం చివరికి టెండరు రేట్లలో కలుస్తుంది, నిజమే, ఆ ఖర్చు ప్రభుత్వం భరించాల్సిందే. బిల్లులు నెలల తరబడి ఆపిన డిపార్ట్‌మెంటుకు, ఆ కారణంగా పని ఆగితే, బాండు మీద క్లెయిమ్ వేసే హక్కు ఉండకూడదని కూడా నిబంధనలో రాయాలి.