వయసులో కాళ్ల బలం తగ్గడం నరాల జబ్బేనా?

ప్రశ్న: కనిగిరిలో మా నాయనకి 72 ఏళ్లు. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తోంది. ఇది ఏఎల్‌ఎస్ లాంటి నరాల జబ్బా?

ఎక్కువమందిలో ఇది సార్కోపీనియా, వయసుతో కండ తగ్గడం. 1989లో అమెరికా పోషకాహార శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ పెట్టిన పేరిది. అయినా మీ అనుమానం తీసిపారేసేది కాదు, రెండింటిలోనూ నరం పాత్ర ఉంది. వెన్నుపాములోని మోటార్ న్యూరాన్ (కండను కదిలించే నరకణం) చనిపోతే అది నడిపించే కండర పోగులు అనాథలవుతాయి. పక్క న్యూరాన్లు కొత్త కొమ్మలు వేసి కొన్నింటిని దత్తత తీసుకుంటాయి, మిగిలినవి క్షీణిస్తాయి. వయసు వల్లయితే ఇది ఏళ్ల తరబడి మెల్లగా సాగుతుంది. ఏఎల్‌ఎస్‌లో ఆ పక్కవీ వేగంగా చనిపోతుంటాయి.

"రోజూ పొలం దాకా నడుస్తాడుగా" అంటారేమో. నడక మంచిదే కానీ తొడలకు చాలదు, బరువు పడాలి. 1990 నాటి బోస్టన్ అధ్యయనంలో 90 ఏళ్ల వృద్ధులు 8 వారాలు కాళ్లతో బరువులెత్తితే బలం సగటున 174 శాతం పెరిగింది! ఇంట్లో అయితే కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టించండి. కండకు ప్రోటీన్ కావాలి, అందుకే మజ్జిగన్నంతో సరిపెట్టకుండా గుడ్డో, చేపో, ఉడికించిన శనగలో పెట్టండి. కిడ్నీ జబ్బుంటే ప్రోటీన్ పెంచేముందు జాగ్రత్త కావాలి. మీ వైపు ఆ జబ్బులు ఎక్కువ కాబట్టి ముందు క్రియాటినిన్ టెస్ట్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) చేయించండి.

ఒక్క కాలో చెయ్యో సన్నబడుతున్నా, కండ అదురుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయకుండా ఒంగోలులో న్యూరాలజిస్టుకు చూపించండి.